మూడాకులకో పూగుత్తి

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 150 రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి 20 లోపుకు దిగిపోయింది. ధర చూసి అందరూ ఒకేసారి నాటారు కాబట్టే పడిపోయిందంటారు. అది నిజమే. అయితే ఆ పతనం ఎప్పుడు రావాలో చాలావరకు నిర్ణయించింది మొక్క.

నారు నాటిన 25 నుంచి 30 రోజులకు పూత వస్తుంది. పువ్వు పిందెకట్టి, కాయై, పండడానికి మరో 40 నుంచి 45 రోజులు. మొత్తం 65 నుంచి 75 రోజులు. జూన్ చివర్లో ధర ఎగబాకడం చూసి నాటిన తోట సరిగ్గా సెప్టెంబరు మొదటి వారాల్లో కోతకొస్తుంది. ఎన్ని మందులు కొట్టినా ఆ రోజులు పెద్దగా తగ్గవు.

పుంగనూరు దారిలో కట్టెలు కట్టిన తోట ఏదైనా చూడండి. ఒక మొక్కను ఎంచుకుని మొదలు నుంచి ఆకులు లెక్కపెట్టండి. సాధారణంగా 7 నుంచి 12 ఆకుల తర్వాత తొలి పూగుత్తి కనిపిస్తుంది. అక్కడి నుంచి దాదాపు ప్రతి 3 ఆకులకూ ఒక గుత్తి. తీగ ఎదిగినంత కాలం ఈ వరస సాగుతూనే ఉంటుంది.

ఈ లెక్కను నడిపే పదార్థం ఆకుల్లో తయారై కొసకు చేరుతుంది. 1937లోనే మిఖాయిల్ చైలఖ్యాన్ దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. టమాటాలో దాన్ని తయారుచేసే జన్యువు ఎస్ఎఫ్‌టీ. దానికి ఎదురు నిలిచి, ఇంకా ఆకులే వేయమనేది ఎస్‌పీ. ఈ రెండింటి తూకమే పూత వేళ.

1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక వింత టమాటా మొక్క కనబడింది. దాని గుత్తుల మధ్య ఆకులు తగ్గుతూ వచ్చి, చివరికి కొస కూడా గుత్తిగా మారి ఎదుగుదల ఆగిపోయింది. కారణం 1998లో తెలిసింది: ఎస్‌పీ జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారింది. టమాటా జన్యుపటంలో ఉన్నవి సుమారు 90 కోట్ల అక్షరాలు. ప్రపంచంలోని చాలా పొట్టి పొద టమాటాలకు మూలం ఆ ఒక్క మార్పే.

రైతుకు ఈ తేడా చాలా పెద్దది. పొద రకానికి కట్టెల ఖర్చు తక్కువ, కానీ కాపంతా కొద్ది వారాల్లోనే వచ్చేస్తుంది. ఆ వారాల్లో ధర లేకపోతే పెట్టుబడి మునిగినట్లే. ఎక్కే రకానికి కట్టెలు, తీగ, పురికొస, కూలి అన్నీ కావాలి. కానీ కోత నెలల తరబడి సాగుతుంది కాబట్టి చెడ్డ వారం పక్కన మంచి వారం కూడా దొరుకుతుంది. అప్పు చేసి పెట్టే పంటకు ఆ రెండో అవకాశం చాలా విలువైనదని నా అభిప్రాయం.

టమాటా ఆకులు లెక్కపెట్టి పూస్తుంది; గోధుమ కథ వేరు. చాలా రకాలు చలినీ, పగటి పొడవునూ లెక్కపెట్టి గానీ పూయవు. పీపీడీ-డీ1 అనే జన్యువు ముందున్న 2,089 అక్షరాలు ఊడిపోయిన రకాలు పగటి పొడవును పట్టించుకోవు. టమాటా కూడా ఇలాగే మారింది. భూమధ్యరేఖ దగ్గరి అడవి టమాటాలకు పగలు పొడవైతే పూత ఆలస్యమవుతుంది. సాగు టమాటాలో ఆ పట్టు సడలడానికి ఎస్‌పీ5జీ అనే జన్యువులో వచ్చిన మార్పు కారణమని 2017లో తేలింది. మదనపల్లెలో అత్యంత పొడవైన పగలుకూ, పొట్టి పగలుకూ తేడా గంటన్నర మాత్రమే. కాబట్టి ఇక్కడ అసలు అడ్డంకి వేడి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. దాదాపు 700 మీటర్ల ఎత్తు ఉండబట్టే మదనపల్లె, కుప్పం మెట్టల్లో వేసవిలోనూ కాయ నిలుస్తోంది.

మొక్క గడియారం ఇంత కచ్చితంగా నడుస్తున్నప్పుడు, దాన్ని వాడుకోకపోవడం బాధ కలిగిస్తుంది. ఈ ప్రాంతపు నర్సరీల్లో వారం వారం ఎంత నారు అమ్ముడైందో కూడితే, 70 రోజుల తర్వాత మార్కెట్‌కు ఎంత సరుకు రాబోతోందో ముందుగానే అంచనా వేయవచ్చు. మార్కెట్ యార్డులో ఆ రోజు ధరతో పాటు ఆ నారు లెక్కనూ రాసి పెట్టాలి. నాటేముందు రైతుకు కావాల్సింది ఆ అంకె.