పది పెరళ్ళ వాన

పిల్లలూ! మీ పెరటిలో వాన ఎంత పడిందో ఎప్పుడైనా కొలిచారా? కొలవడం కష్టం కాదు. అడుగు నుండి అంచు వరకు ఒకే వెడల్పు గల పాత్రను ఆరుబయట పెట్టండి. చెట్టు కొమ్మలు, ఇంటి చూరు దానికి దూరంగా ఉండాలి. మరునాటి ఉదయం పాత్రలో నిలిచిన నీటి లోతును స్కేలుతో కొలవండి. లోతు 8 మిల్లీమీటర్లు ఉంటే మీ పెరటిలో 8 మిల్లీమీటర్ల వాన కురిసిందన్నమాట.

ఒక వేసవిలో మా తరగతి పిల్లలు ఈ పని చేశారు. మన మారిషస్‌లో వేసవి అంటే నవంబరు నుండి ఏప్రిల్ వరకు. ఆంధ్రదేశంలోని బంధువులతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి విడమరచి చెప్పండి. లేకపోతే వారు డిసెంబరులో మీకు చలికోటు పంపగలరు!

మా బడి ద్వీపం నడుమ ఉన్న మిట్ట ప్రాంతంలో ఉంది. పాత్రలు పెట్టిన పదిమందిలో ఆరుగురు ఆ చుట్టుపక్కల వారే. ఇద్దరు తూర్పు తీరం వారు, ఇద్దరు పడమటి తీరం వారు. వారం తిరిగేసరికి పదిమందీ తమ అంకెలు తెచ్చారు. నేను పది అంకెలను కూడి, పదితో భాగించి, వచ్చిన సగటును పెద్ద అక్షరాలతో అట్ట మీద వ్రాయించి గోడకు తగిలించాను. 'ఈ వారం మన వాన' అని దానికి పేరు కూడా పెట్టాను.

మరునాడు పడమటి తీరం నుండి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఆ అట్ట ముందు చాలాసేపు నిలబడింది. "మాష్టారూ! ఇంత వాన మా ఊళ్ళో పడలేదండీ. మా నీళ్ళ ట్యాంకు అడుగంటింది. అమ్మ రెండు రోజులనుండి బట్టలు ఉతకడం లేదు" అన్నది.

నేను కూడిక మళ్ళీ చేసి చూశాను. సరిగానే ఉంది. భాగహారమూ సరిగానే ఉంది. అయినా అమ్మాయి చెప్పిందీ నిజమే. మరి తప్పు ఎక్కడ ఉంది?

ఆ నాటి కాగితాలు ఇప్పుడు నా దగ్గర లేవు. అందుచేత లెక్క సులువుగా ఉండే అంకెలను మీ కోసం కల్పించి ఇస్తున్నాను. మిట్ట ప్రాంతపు ఆరు పాత్రలలో 62, 58, 70, 66, 60, 68 మిల్లీమీటర్లు. తూర్పున 34, 30. పడమట 8, 12. అన్నీ కూడితే 468. పదితో భాగిస్తే 46.8. ఇప్పుడు పది అంకెలనూ మరొకసారి చూడండి. 46.8కి దగ్గరగా ఏ పాత్ర ఉంది? ఒక్కటీ లేదు! ఎవరి పెరటిలోనూ పడని వానను నేను అందరి వాన అని గోడకు తగిలించాను.

ఈ అంకెలను కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్‌లో వేద్దాం. స్ప్రెడ్‌షీట్ అంటే గడుల పట్టిక. నిలువు వరుసలకు ఎ, బి, సి అని ఆంగ్లాక్షరాల పేర్లు, అడ్డు వరుసలకు 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. సి వరుసలో రెండవ గడి పేరు సి2. చదరంగం బల్ల మీద గడులకు పేర్లు పెట్టినట్లే. 1978లో అమెరికాలోని హార్వర్డ్‌లో చదువుకొంటున్న డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థికి ఇటువంటి పట్టిక చేయాలన్న ఆలోచన కలిగింది. నల్లబల్ల మీద పెద్ద లెక్కలో ఒక అంకె మారితే, దాని మీద ఆధారపడిన అంకెలన్నీ చెరిపి మళ్ళీ వ్రాయవలసి వస్తుంది. ఆ పని యంత్రమే చేస్తే? ఆయన, ఆయన మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి చేసిన 'విజికాల్క్' 1979లో అమ్మకానికి వచ్చింది. సుద్దముక్కతో ఎన్నో ఏండ్లు గడిపిన నాకు ఆ విద్యార్థి బాధ బాగా అర్థమవుతుంది.

మన పట్టికకు మూడు నిలువు వరుసలు చాలు. ఎ వరుసలో పేరు, బి వరుసలో ప్రాంతం, సి వరుసలో వాన. మొదటి అడ్డు వరుసలో ఈ శీర్షికలు వ్రాయండి. రెండవ వరుస నుండి పదకొండవ వరుస వరకు పదిమంది వివరాలు వస్తాయి. ఒక పాత్రకు ఒక అడ్డు వరుస. ఇద్దరిని ఒకే వరుసలో ఇరికించకండి.

ఏదైనా ఖాళీ గడిలో సమాన చిహ్నం వేసి, ఏవరేజ్ అన్న మాటను ఆంగ్లాక్షరాలలో వ్రాసి, కుండలీకరణంలో సి2, రెండు చుక్కలు, సి11 అని వ్రాస్తే 46.8 వస్తుంది. ఇది మనకు తెలిసిన సగటే. ఇప్పుడు ప్రాంతాల వారీగా సగటు కావాలి. దానికి ఏవరేజ్‌ఇఫ్ అనే మాట ఉంది. దానికి మూడు సంగతులు చెప్పాలి: ప్రాంతాల పేర్లు ఏ గడులలో ఉన్నాయి, వాటిలో మనకు కావలసిన పేరు ఏది, వాన అంకెలు ఏ గడులలో ఉన్నాయి. బి2 నుండి బి11 వరకు వెదికి, 'పడమర' అని ఉన్న వరుసల వాన అంకెలను మాత్రమే తీసుకొని అది సగటు కడుతుంది. మీ కంప్యూటరు ఫ్రెంచి భాషలో ఉంటే ఏవరేజ్‌కు బదులు మొయెన్ అని, ఏవరేజ్‌ఇఫ్‌కు బదులు మొయెన్, చుక్క, సీ అని వ్రాయాలి. మన దేశంలో ఈ చిక్కు తరచు వస్తుంది.

ఇప్పుడు ఫలితం చూడండి. మిట్ట ప్రాంతం 64. తూర్పు 32. పడమర 10. ఆ అమ్మాయి ఇంటి ట్యాంకు ఎందుకు అడుగంటిందో ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

వాన ఇలా ఎందుకు వేరుపడుతుంది? ఆగ్నేయ దిక్కు నుండి వీచే వ్యాపార పవనాలు సముద్రం మీది తేమను మోసుకొని వస్తాయి. మిట్టను ఎక్కేటప్పుడు గాలి చల్లబడి, ఆ తేమ వానగా కురుస్తుంది. మిట్ట దాటి పడమటి వైపు దిగేసరికి గాలిలో తేమ తగ్గిపోతుంది. అందుకే క్యూర్‌పీప్‌లో గొడుగు వేసుకొని బస్సు ఎక్కిన వారు పోర్ట్ లూయిస్‌లో ఎండలో దిగుతారు. మేము వానను ప్రాంతాల వారీగా విడదీయడానికి కారణం ఈ గాలి, ఈ మిట్ట. పిల్లల పేర్లలోని మొదటి అక్షరాన్ని బట్టి విడదీసినా యంత్రం అభ్యంతరం చెప్పదు, అడిగిన సగటు కట్టి ఇస్తుంది. కాని ఆ సగటు వాన గురించి ఏమీ చెప్పదు.

ఇక్కడ ఒక తెలివైన అబ్బాయి అడిగాడు: "మాష్టారూ, మూడు సగటులనూ కూడి మూడుతో భాగిస్తే మళ్ళీ 46.8 రావాలి గదా?" చేసి చూడండి. 64, 32, 10 కలిపితే 106. మూడుతో భాగిస్తే 35.3. రాలేదు! కారణం ఏమిటి? మిట్ట ప్రాంతపు 64 వెనుక ఆరు పాత్రలు ఉన్నాయి. పడమర 10 వెనుక రెండే ఉన్నాయి. మూడుతో భాగించినప్పుడు రెండు పాత్రల మాటకూ ఆరు పాత్రల మాటకూ ఒకే బరువు ఇచ్చాము. 64ను ఆరుతోను, 32ను రెండుతోను, 10ని రెండుతోను హెచ్చించి, కూడి, పదితో భాగిస్తే 46.8 తిరిగి వస్తుంది. అందుచేత ప్రతి సగటు పక్కన ఎన్ని పాత్రలో తప్పక వ్రాయండి. ఆ సంఖ్య లేని సగటును నేను నమ్మను.

"అయితే ద్వీపానికి సరైన సగటు ఏది, 46.8 లేక 35.3?" అని మీరు అడగవచ్చు. రెండూ కావు. మొదటిది మన పది పాత్రల సగటు. రెండవది మూడు ప్రాంతాలను సమానంగా ఎంచిన సగటు. మా బడి పడమట ఉండి ఉంటే మొదటి అంకె ఇంకా ఎంతో తగ్గేది. వాన మారదు, పాత్రలు ఉన్న చోటు మారుతుంది. ద్వీపం మొత్తానికి కావాలంటే ద్వీపమంతటా పాత్రలు ఉండాలి, ఏ పాత్ర ఎంత నేలకు సాక్ష్యమో కూడా చూడాలి.

సగటుల సగటు ఎప్పుడూ తప్పేనా? కాదు. మన వాతావరణ శాఖ వారి లెక్కనే తీసుకోండి. 1971 నుండి 2000 వరకు ముప్పై ఏండ్లకు మారిషస్ ద్వీపపు సగటు వార్షిక వర్షపాతం 2010 మిల్లీమీటర్లు. అందులో వేసవి ఆరు నెలలలో 1344, శీతకాలపు ఆరు నెలలలో 666. నెలకు ఎంత? వేసవిలో 224, శీతకాలంలో 111. ఈ రెండింటి సగటు 167.5. మొత్తం 2010ని పన్నెండుతో భాగించినా 167.5 వస్తుంది. రెండు గుంపులలోనూ ఆరేసి నెలలే ఉన్నాయి గనుక బరువులు సమానం. కాని 167.5ను నమ్ముకొని అక్టోబరులో కూరగాయల మడి వేసేవారు చిక్కులో పడతారు. మనకు అన్నిటికంటె వాన తక్కువ పడే నెల అదే.

గుంపులు ఎక్కువైనప్పుడు ఒక్కొక్కదానికి ఏవరేజ్‌ఇఫ్ వ్రాయడం విసుగు. పివట్ టేబుల్ అనే సాధనంలో ప్రాంతం శీర్షికను వరుసల చోటికి, వాన శీర్షికను విలువల చోటికి లాగితే పట్టిక దానంతట అదే తయారవుతుంది. అయితే అది సాధారణంగా మొదట మొత్తాన్ని చూపుతుంది. సగటు కావాలని మీరే మార్చాలి. మా తరగతిలో ఒకరు ఇది మరచి, మిట్ట ప్రాంతానికి 384 మిల్లీమీటర్ల సగటు అని ప్రకటించారు. తుఫాను వచ్చిందేమో అనుకొన్నాం!

యంత్రం కంటె మన చేతులే ఎక్కువ తప్పులు చేస్తాయి. పడమటి తీరపు పిల్లలలో ఒకరు 'వెస్ట్' అని, ఒకరు 'ఉవెస్ట్' అని వ్రాశారు. నేను 'పడమర' అని అడిగాను. మూడు భాషలు తెలిసిన మనకు అది ఒకటే దిక్కు. యంత్రానికి మూడు వేరు వేరు గుంపులు. మాట చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి మిగిలినా అది వేరే మాట అనుకొంటుంది. మరొకరు వాన గడిలో '8 మి.మీ.' అని వ్రాశారు. అప్పుడు అది అంకె కాదు, అక్షరాలు. సగటు కట్టేటప్పుడు యంత్రం ఆ గడిని వదలివేస్తుంది, వదిలానని చెప్పదు కూడా. గడిలో 8 మాత్రమే వ్రాసి, మి.మీ. అన్నది శీర్షికలో ఉంచండి.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసింది ఖాళీ గడి. పడమట మూడవ పాత్ర కూడా ఉందనుకోండి. ఆ ఇంటి అబ్బాయికి జ్వరం వచ్చి కొలవలేదు. గడి ఖాళీగా వదిలితే 8, 12ల సగటు 10గానే ఉంటుంది. "ఖాళీ బాగుండలేదు" అని ఎవరైనా సున్న వేస్తే 20ని మూడుతో భాగించి 6.7 అంటుంది. సున్న అంటే పాత్ర చూశాము, చుక్క లేదు అని అర్థం. ఖాళీ అంటే చూడలేదు అని అర్థం. అదే విధంగా చూసి, చుక్క కూడా లేదని తెలిసినప్పుడు బద్ధకించి ఖాళీగా వదలకండి. సున్న వేయండి. లేకపోతే ఎండిన పెరడు లెక్కలోనుండి జారిపోయి, ఊళ్ళో వాన ఎక్కువైనట్లు కనిపిస్తుంది.

మా గోడ మీది అట్టను ఆ వారమే తీసివేశాము. కొత్త అట్ట మీద మూడు ప్రాంతాలకు మూడు వరుసలు, ప్రతి వరుసలో సగటు, దాని పక్కన పాత్రల సంఖ్య. పడమర వరుసను ఆ అమ్మాయి చేతనే వ్రాయించాను. ఆమె అంకె వ్రాసి, పక్కన 'రెండు పాత్రలే' అని 'ఏ' అక్షరాన్ని కాస్త పెద్దదిగా వ్రాసింది. మరుసటి వారం ఆ బస్సులో వచ్చే మరి ముగ్గురు పిల్లలు తామూ పాత్రలు పెడతామన్నారు.