కొత్తగూడయు, పాకాల యడవియు

కొత్తగూడ యనగానే చదువరులలో కొందఱికి హైదరాబాదున కొండాపురము చెంతనున్న మేడల పేట జ్ఞప్తికి వచ్చును. మఱికొందఱు బొగ్గుగనుల కొత్తగూడెము ననుకొందురు. ఇచ్చట వివరింపబోవునది యా రెండును గాదు. మహబూబాబాదు జిల్లాలో అడవి నడుమ నున్న చిన్న మండల కేంద్రము. 2016వ సంవత్సరము వఱకు నిది వరంగల్లు జిల్లాలో జేరియుండెను. గూడ మనగా గిరిజనుల పల్లె. కావున ఊరి పేరే దాని పుట్టుకను కొంత చెప్పుచున్నది. కచేరీలు, బడి, అంగళ్లు, బస్సు లాగుచోటు: ఊరు చూచుటకు గంట చాలును. చుట్టునున్నది చూచుటకు రెండు దినములును చాలవు.

వరంగల్లు నుండి పోవువారు నర్సంపేట దాటి పాకాల మీదుగా పోవుదురు. వరంగల్లునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న పాకాల చెఱువు కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున నిర్మింపబడినది. దీని వైశాల్యము 30 చదరపు కిలోమీటర్లని చెప్పుదురు. ఇంత పెద్ద జలాశయమునకు కట్ట యెంత పొడవుండవలెనో యని మీరు సందేహింపవచ్చును. అది మైలునకు కొంచె మెక్కువ మాత్రమే! రహస్యము స్థలము నెన్నుకొనుటలో నున్నది. మూడు వైపుల కొండలే గోడలై నిలిచినవి. వాన నీరు వెడలిపోవుచుండిన సందును మాత్రము మట్టికట్టతో మూసిరి. భూమి చేసిన పనిని మనుష్యుడు మరల చేయలేదు. మిగిలినది మాత్రము పూర్తి చేసెను. యంత్రములు లేని దినములలో కొలతగాండ్ర కంటి కెంత నేర్పుండెనో యూహింపుడు. ఎనిమిది శతాబ్దములు గడచినను, తూముల గుండ నీరు నేటికిని పొలములకు పాఱుచున్నది. చెఱువులో మొసళ్లు గలవు గనుక స్నానమునకు దిగరాదు. పిల్లలు ముఖ్యముగా దీనిని గుర్తుంచుకొనవలెను.

చెఱువు చుట్టునున్న యడవిని 1952లో వన్యమృగముల శరణాలయముగ ప్రకటించిరి. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు ఇందలి ముఖ్యవృక్షములు. దుప్పులు, ఎలుగుబంట్లు, చిఱుతలు గలవు గాని, బస్సు కిటికీనుండి చూచువానికి కోతులే తఱచుగ దర్శనమిచ్చును! వానలు వెలిసిన పిమ్మట, కార్తికము మొదలు మాఘము వఱకు, చూడబోవుటకు తగిన కాలము. చెఱువు నిండి, అడవి పచ్చగ నుండును.

ఈ యడవిలో కోయలు పెక్కు తరములుగ నివసించుచున్నారు. వేసవి మొదట ఇప్పపూవు నేరుదురు. ఎండలు ముదిరిన పిమ్మట తునికాకు కోసి, కట్టకు 50 ఆకుల చొప్పున కట్టి, కల్లములో అప్పగింతురు. ఆ ఆకే బీడీల కుపయోగపడును. గుంజేడున ముసలమ్మ గుడికి యాత్రికులు వచ్చుచుందురు. ఒకప్పుడు ఈ మండలముననే యుండి, ఇప్పుడు గంగారము మండలమున జేరిన పూనుగొండ్ల, సమ్మక్క భర్తయైన పగిడిద్దరాజు ఊరు. రెండేండ్ల కొకసారి మేడారము జాతరకు పెనక వంశపు కోయలు ఆయనను ఈ యూరినుండియే కాలినడకన అడవి దాటించి కొనిపోవుదురు. మేడారమును చూచినవారు లక్షలు. ఈ నడక మొదలగు పల్లెను చూచినవారు స్వల్పము.

ఇక చిక్కు సంగతి. పోడు సేద్యమునకై చెట్లు కొట్టిన అడవి తఱుగును. పోడు మాన్పించిన కోయ కుటుంబము పస్తుండును. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగులో నున్న గిరిజనులకు ఆ భూమిపై హక్కు నిచ్చినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము పోడు పట్టాలు పంచినది. ఇది న్యాయమే యని మా యభిప్రాయము. అయినను మిగిలిన యడవిని నఱకినచో నష్టపడువారు కోయలు మాత్రమే కారు. చెట్టు లేని కొండ వానను నిలుపలేదు. నీటితోబాటు మట్టియు దిగివచ్చి చెఱువును పూడ్చును. పాకాలనుండి వెడలు ఏరే దిగువను మునేరై, ఖమ్మము ప్రక్కగ పాఱి, కృష్ణలో గలియును. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆ మునేరు పొంగి ఖమ్మములో పెక్కు పేటలను ముంచెను. అదే వానలకు కేసముద్రము, ఇంటికన్నె నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. అంతటి వానను ఏ యడవియు పూర్తిగ నాపజాలదు. కాని కొండమీది చెట్టునకును, దిగువ యూరి వీథికిని గల సంబంధము పటములో మునేటి గీతను వ్రేలితో వెంబడించినచో విద్యార్థులకు సులభముగ బోధపడును.

పోవువారు త్రాగునీరు వెంట దీసికొనిపోవలెను. చీకటి పడకముందే అడవిబాట దాటుట మేలు. ఇప్పపూవు రాలుట చూడదలచినవారు మాత్రము వేసవి మొదట పోయి, తెల్లవాఱుజామున లేవవలెను. పొద్దెక్కునప్పటికి చెట్టుక్రింద ఊడ్చినట్లుండును, పూవు గంపలలో నుండును.