మచ్చను చూసి జన్యువును చెప్పగలమా?

పదో తరగతి అనువంశికత పాఠంలో పిల్లలు తరచూ తడబడే లెక్క ఒకటుంది. ఈసారి బఠాణీలకు బదులు పాములతో చెప్పి చూడండి, చెవులు రిక్కించి వింటారు!

అమెరికాలో బోవా పాములను పెంచి అమ్ముతారు. నలుపు రంగే లేని అల్బినోకు గిరాకీ ఎక్కువ. ఇది అంతర్గత లక్షణం. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే బయటపడుతుంది. ఒకరి నుంచే వస్తే పాము మామూలుగా కనిపిస్తుంది. అలాంటి రెండింటిని జతకడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి అల్బినో. మిగతా మూడింటిలో ఒకదాన్ని తీసుకుంటే, దానిలో జన్యువు దాగి ఉండే అవకాశమెంత? చాలామంది 50 శాతం అంటారు. కాదు, మూడింట రెండు వంతులు. అందుకే వాటిని '66 శాతం' అని రాసి, మామూలు పాము కంటే ఎక్కువ ధరకు అమ్ముతారు.

గుర్తుల గోల ఇక్కడే మొదలవుతుంది. రంగు లేతగా ఉందనో, మచ్చల తీరు వేరుగా ఉందనో 'ఇందులో జన్యువుంది' అంటారు కొందరు. అలాంటి తేడాలు జన్యువు లేని తోబుట్టువుల్లోనూ ఉంటాయి. నమ్మదగింది పాత పద్ధతే: అల్బినోతో జతకట్టడం. ఒక్క అల్బినో పిల్ల పుట్టినా జన్యువు ఉన్నట్టే. పదికి పదీ మామూలువే పుడితే? జన్యువు ఉండి కూడా అలా జరిగే అవకాశం 1024లో ఒకటి. అయితే రెండూ ఒకే రకం అల్బినో వంశానివై ఉండాలి. కాల్, షార్ప్ అనే రెండు వేర్వేరు వంశాల అల్బినోలను కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి. ఎందుకో మీ పిల్లల్నే అడగండి.