మూత కింద గాలి

‘సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ చేయబడును’ అన్న రాత, దాని కింద ఒక ఫోన్ నంబరు. పల్లె గోడల మీద ఇది ఇప్పుడు మామూలే. నిజామాబాద్ జిల్లా వేల్పూర్ వంటి మండల కేంద్రంలో ఒక ట్రాక్టరు, ట్యాంకరు, పంపు, ఇద్దరు మనుషులు కుదిరితే వ్యాపారం మొదలైనట్టే. కాగితాల పని కూడా పెద్దదేం కాదు. పంచాయతీ అనుమతి కావాలి, దుకాణాలు-సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు కావాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ, పనివాళ్లు పదిమంది అయితే ఈఎస్ఐ. ఇవి తప్పితే పోయేది డబ్బు. ప్రాణంతో ముడిపడిన నిబంధన వేరే చట్టంలో ఉంది.

పాకీ పనిని నిషేధించిన 2013 నాటి చట్టంలోని ఏడో సెక్షన్ ప్రకారం, రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా ఎవరినీ సెప్టిక్ ట్యాంకులోకి దించకూడదు. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ వెనక ఉన్నది రసాయన శాస్త్రమే.

ట్యాంకులో ఆక్సిజన్ అందని చోట కొన్ని బాక్టీరియాలు మలంలోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది గాలికన్నా దాదాపు 1.2 రెట్లు బరువు, అందుకే అడుగున నిలుస్తుంది. పైన గట్టిపడిన తెట్టు కింద బుడగలుగా దాక్కుని, కర్రతో కలపగానే ఒక్కసారి లేస్తుంది. కుళ్లిన గుడ్డు కంపు వస్తే అపాయమనీ, పోతే అపాయం తప్పిందనీ అనుకుంటారు. కంపు పోవడమే అసలు అపాయం కావచ్చు. పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 100 పాళ్లకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 1000 పాళ్లకు చేరితే ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. పడినవాణ్ని లాగబోయి రెండోవాడు పోయేది ఇందుకే.

పాత బావిలోకి లాంతరు దించి చూడడం మన పెద్దల అలవాటు. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడిపోతే దీపం ఆరుతుంది కనుక బావి వరకు అది తెలివైన పనే. ట్యాంకు దగ్గర ఆ తెలివి పనిచేయదు. మనిషిని పడగొట్టే మోతాదులో విషవాయువు ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతుంది. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ దీపమే పేలుడుకు నిప్పు. మనిషి బయట నిలబడాలి, పైపు లోపలికి పోవాలి. వేరే ఉపాయం లేదు.

ఈ చట్టం ఊరికే రాలేదు. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. చట్టం వచ్చాక, 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. సెప్టిక్ ట్యాంకుల వంటి చోట్ల దిగి చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది.

ఇళ్లు, ఆఫీసులు కడిగే పనివాళ్లకు ఇవేవీ పట్టవనుకుంటే పొరపాటే. బ్లీచింగ్ పౌడరు చల్లిన గచ్చు మీద బాత్రూం యాసిడ్ పోస్తే లేచేది క్లోరిన్, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో ఈప్ర్ యుద్ధభూమిలో వదిలిన వాయువే. అది గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు. మూసిన బాత్రూంలో వంగి గచ్చు రుద్దుతున్న మనిషికే ముందు తగులుతుంది.

బకెట్ అందించడానికి పిల్లవాణ్ని వెంట తెచ్చుకునే అలవాటు కొందరికి ఉంది. పద్నాలుగేళ్ల లోపువారిని పనిలో పెట్టడం బాలకార్మిక చట్టం ప్రకారం నేరం. బడి మానిన పిల్లలను 2001లో తిరిగి బడికి పంపి, బాలకార్మికులు లేని మండలంగా పేరు తెచ్చుకున్న వేల్పూర్‌లో ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. వాయువు లెక్క కూడా ఆ చట్టం పక్షానే ఉంది. పిల్లలు తమ బరువుతో పోల్చితే పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. పైగా ఈ బరువైన వాయువులు నిలిచేది నేల దగ్గర, పిల్లవాడి ముక్కు ఉండే ఎత్తులోనే.