ఆకాశనౌక విషాదం - పత్రాల సాక్ష్యం

విమానయానం ఇంకా బాల్యదశలో ఉన్న రోజులలో దూరదేశాలకు ప్రయాణికులను చేర్చేవి ఆకాశనౌకలేనని చాలామంది విశ్వసించారు. గాలికంటే తేలికైన వాయువును పెద్ద సంచులలో నింపి, వాటిని లోహపు చట్రంలో అమర్చి, పైన వస్త్రం కప్పి, ఇంజన్లతో నడిపే వాహనమే ఆకాశనౌక. ఓడలో వారాల తరబడి సాగే భారతదేశ ప్రయాణాన్ని కొద్దిరోజులకు తగ్గించాలని సంకల్పించి బ్రిటిషు ప్రభుత్వం కార్డింగ్టన్‌లో ఆర్-101 అనే నౌకను నిర్మించింది. దానిని నిలిపేందుకు కరాచీలో పెద్ద షెడ్డును కూడా కట్టించింది.

1929 అక్టోబరులో ఈ నౌక తొలిసారి ఎగిరింది. కాని బరువు అంచనాను మించడంతో దాని మోతశక్తి తగ్గింది. అందుచేత 1930లో నౌకను మధ్యకు విడదీసి, మరొక వాయుసంచికి చోటు కల్పించి, పొడవును 777 అడుగులకు పెంచారు. ఎద్దుల ప్రేగుల పొరలతో చేసిన ఆ సంచులలో హైడ్రోజన్ నింపేవారు. అది అన్నిటికంటే తేలికైన వాయువే గాని, నిప్పు సోకితే భగ్గుమంటుంది. మండని హీలియం ఆనాడు అమెరికాలో తప్ప అంతగా లభించేది కాదు.

1930 అక్టోబరు 4 సాయంత్రం 54 మందితో ఆర్-101 కరాచీకి బయలుదేరింది. వారిలో విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ ఒకరు. లండనులో జరిగే సామ్రాజ్య సమావేశం ముగిసేలోగా తిరిగి రావాలని ఆయన ఆరాటపడ్డాడు. గాలివానలోనే నౌక ఇంగ్లీషు ఛానల్ దాటింది. ప్రయాణికులు భోజనం ముగించి నిద్రకు ఉపక్రమించారని అర్ధరాత్రి దాటాక వైర్‌లెస్ వార్త అందింది. రెండు గంటలు దాటిన కొద్దిసేపటికే ఫ్రాన్సులోని బోవే పట్టణ సమీపాన నౌక నేలను తాకి దగ్ధమైంది. మంత్రితో సహా 48 మంది మరణించారు. ఆరుగురే బ్రతికి బయటపడ్డారు.

విచారణకు అధ్యక్షత వహించినవాడు సర్ జాన్ సైమన్. 1928లో మన దేశానికి వచ్చిన సైమన్ కమిషన్‌కు నాయకుడు ఇతడే. ఆ కమిషన్‌ను నిరసిస్తూనే మద్రాసులో టంగుటూరి ప్రకాశం తుపాకులకు ఎదురు నిలిచాడు. విచారణలో ఒక ఉత్తరం వెలుగు చూసింది. వాయుసంచులు చట్రానికి ఒరుసుకొని చిల్లులు పడుతున్నాయని, అనుమతి పొడిగించరాదని తనిఖీ అధికారి మెక్‌వేడ్ 1930 జులై 3ననే వ్రాశాడు. ఒరుసుకొనే చోట్ల మెత్తలు కడితే చాలునన్న సమాధానంతో ఆ హెచ్చరిక మరుగున పడింది. మార్పుల తరువాత పూర్తి వేగంతో పరీక్ష కూడా జరగలేదు. ముందుభాగపు సంచి నుండి వాయువు పోవడమే పతనానికి కారణం కావచ్చునని 1931లో వెలువడిన నివేదిక నిర్ధారించింది. ప్రభుత్వ అవసరాల ఒత్తిడి లేకుంటే ఆ సాయంత్రం నౌక బయలుదేరేది కాదని స్పష్టం చేసింది. బ్రిటన్ ఆకాశనౌకల నిర్మాణాన్ని విరమించుకుంది. నేడు ఈ ప్రమాదానికి సంబంధించిన పత్రాలు అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

మండే వాయువు ప్రతాపం మన కోనసీమకూ తెలుసు. 1995 జనవరి 8న బ్లోఅవుట్ సంభవించి పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో సహజవాయు గొట్టం పేలి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదాల కారణాలు వేరు. అయినా వాయుబావుల నడుమ, గొట్టాల నడుమ జీవించే ప్రజలకు మెక్‌వేడ్ ఉత్తరం పరాయిది కాదు. ప్రమాదం తరువాత వెలువడే వందల పుటల నివేదికకంటే, ప్రమాదానికి ముందు సకాలంలో చదివిన ఒక్క ఉత్తరం విలువైనది.