తెర పెద్దదైతే సరా.. దూరమూ పెరగాలి!

నారాయణఖేడ్‌లో ఓ ఇల్లు. రాత్రి ఎనిమిదిన్నర. భోజనాలయ్యాయి. అమ్మ ఫోన్ చిన్నోడి చేతిలో ఉంది. దుప్పటి కప్పుకొని, ముక్కుకు జానెడు దూరంలో పెట్టుకొని కారు రేసు ఆడుతున్నాడు. నాన్న ఫోన్‌లో నానమ్మ సీరియల్ చూస్తోంది. బొమ్మ ఆనక ఫోన్‌ను ఓసారి దగ్గరకు, ఓసారి దూరానికి జరుపుతోంది. ‘ఓ పెద్ద ట్యాబ్ కొంటే ఈ తిప్పలుండవు కదా’ అనే మాట సరిగ్గా అప్పుడే వస్తుంది. మీ ఇంట్లోనూ వచ్చిందా? అయితే షాపుకు వెళ్లే ముందు ఇది చదవండి.

మన పిల్లల చేతికి తెర గట్టిగా అలవాటైంది కరోనా రోజుల్లో. 2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని చోట ఫోనే బడి అయ్యింది. బడులు తెరిచినా ఫోన్ మాత్రం చేయి వదల్లేదు.

పెద్ద తెరతో మేలేంటి?

దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటి లోపలి కండరం బిగుసుకుంటుంది. ఎంత దగ్గరైతే అంత బిగువు. గంటల తరబడి ఇలా చూడటం, ఎండ పొడ తగలకుండా ఇంట్లోనే ఉండిపోవడం.. ఈ రెండూ పిల్లల్లో హ్రస్వదృష్టితో ముడిపడి ఉన్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. 2050 నాటికి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఈ లోపం ఉండొచ్చని 2016లో వెలువడిన ఓ అంచనా.

ఫోన్ చిన్నది కాబట్టి దగ్గరకు లాక్కుంటాం. ట్యాబ్‌ను బల్ల మీద నిలబెట్టి, మూరెడు దూరం నుంచి చూడొచ్చు. అసలు లాభం ఇదే. అదే ట్యాబ్‌ను పొట్ట మీద పెట్టుకొని జానెడు దూరంలో చూస్తే మాత్రం డబ్బు పెరిగింది కానీ కంటికి ఒరిగిందేమీ లేదు.

ఎన్ని అంగుళాలు?

8.7 అంగుళాల ట్యాబ్ చేతిలో తేలిగ్గా ఇమిడిపోతుంది. బస్సు ప్రయాణానికి బాగుంటుంది. కానీ ఇంట్లో ఇద్దరు కూర్చుని చూడటానికి చాలదు. వీడియోలకు, చిన్నపాటి ఆటలకు 11 అంగుళాలు మధ్యేమార్గం. 6.7 అంగుళాల ఫోన్‌లో కనిపించే మామూలు యూట్యూబ్ వీడియో బొమ్మతో పోలిస్తే ఇందులో బొమ్మ వైశాల్యం సుమారు మూడున్నర రెట్లు ఉంటుంది.

అంగుళాలతో పాటు ఆకారమూ చూడండి. సినిమాలు, యూట్యూబ్ వీడియోలు ఎక్కువగా వెడల్పుగా ఉంటాయి. 16:10 ఆకారంలోని 12 అంగుళాల ట్యాబ్, కాస్త చదరంగా ఉండే 4:3 ఆకారంలోని 13 అంగుళాల ట్యాబ్.. రెండింట్లోనూ వీడియో దాదాపు ఒకే సైజులో కనిపిస్తుంది. రెండోదాంట్లో పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. పాఠ్యపుస్తకాలు చదవడానికైతే 4:3 మేలు. వీడియోల కోసమే అయితే దానికి అదనంగా పెట్టనక్కర్లేదు.

ఇక బరువు. 11 అంగుళాల ట్యాబ్ ఇంచుమించు అర లీటరు పాల ప్యాకెట్ బరువుంటుంది. పన్నెండు, పదమూడు అంగుళాలవి ఇంకా బరువు. పాల ప్యాకెట్‌ను గంటసేపు చేతిలో ఎత్తి పట్టుకోగలరా? మణికట్టు లాగుతుంది. చేయి దిగుతుంది, దాంతోపాటు మెడా వంగుతుంది. పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు. తల వంగేకొద్దీ మెడ మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ట్యాబ్‌తో పాటు గట్టి స్టాండు కొనడం విలాసం కాదు, అవసరం.

షాపులో ఇవి అడగండి

• రిజల్యూషన్: 11 అంగుళాలకు కనీసం 1920×1200 ఉండాలి. అంతకన్నా తక్కువైతే అక్షరాల అంచులు మసకబారి, పిల్లలు మళ్లీ ముందుకు వంగుతారు.

• వైడ్‌వైన్ ఎల్1: ఇది లేని ట్యాబ్‌లలో కొన్ని ఓటీటీ యాప్‌లు మామూలు నాణ్యతతోనే ఆడతాయి. తెర ఎంత మంచిదైనా బొమ్మ మసకే.

• ర్యామ్, స్టోరేజీ: చిన్న ఆటలకు 6 జీబీ, 128 జీబీ సరిపోతాయి. మెమరీ కార్డు పెట్టే వీలుంటే ఇంకా మంచిది.

• సిమ్ లేదా వైఫై: ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ ఉంటే వైఫై మోడల్ చాలు. ఖర్చు తగ్గుతుంది.

• స్పీకర్లు: రెండు వైపులా ఉండాలి. మాట స్పష్టంగా వినిపిస్తే పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకోరు.

‘బ్లూలైట్ నుంచి రక్షణ’ అన్న ప్రచారానికి అదనంగా డబ్బు పెట్టకండి. నీలికాంతిని అడ్డుకునే కళ్లద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదని 2023లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. రాత్రిపూట వెలుతురు తగ్గించి, పడుకునే గంట ముందే ట్యాబ్ పక్కన పెట్టడం మేలు. దానికి పైసా ఖర్చు లేదు.

ఆట ఆటగానే ఉండాలి

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను 2017లోనే నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలపై చట్టం తెచ్చింది. ట్యాబ్ కొన్న రోజే పిల్లలకు విడిగా ప్రొఫైల్ పెట్టండి. యూపీఐ, కార్డు వివరాలు అందులో ఉంచకండి. ఆటను తాను ఆపలేకపోవడం, చదువు, నిద్ర దెబ్బతిన్నా అదే లోకంగా ఉండిపోవడం జబ్బు కిందికే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో దీన్ని చేర్చింది.

ఇంటికొచ్చాక నాలుగు నియమాలు

ట్యాబ్‌కు ఒకే చోటు.. హాల్లో బల్ల మీద. మంచం మీదికి రాకూడదు. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. వాకిట్లోని వేపచెట్టు చాలు. తెర చూసేటప్పుడు రెప్పలు తక్కువగా ఆడతాయి, కళ్లు పొడిబారతాయి. కావాలని రెప్పలార్పడం నేర్పండి. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వారికి గంట, పదేళ్ల లోపు వారికి రెండు గంటలు మించకూడదన్నది భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచన. రోజూ ఓ రెండు గంటలు ఆరుబయట ఆడనివ్వండి. ఏ ఖరీదైన తెరా చేయలేని మేలు అది చేస్తుంది.

నానమ్మ సంగతి మరచిపోకండి. 2018 ఆగస్టు 15న మన పొరుగునే మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన ‘కంటి వెలుగు’తో ఎంతోమంది పెద్దలకు దగ్గరి చూపు అద్దాలు అందాయి. అవి పుస్తకం పట్టుకునే దూరానికి సరిపోయేవి. ట్యాబ్‌ను ఇంకాస్త దూరంగా పెడితే వాటితో మసకగా కనిపించవచ్చు. ‘ఇంత దూరం నుంచి చూస్తాను’ అని చేత్తో చూపించి డాక్టర్‌కు చెబితే అందుకు తగ్గ అద్దాలు రాస్తారు.

మరో మాట. పిల్లాడు బోర్డు మీది అక్షరాలు కనిపించట్లేదన్నా, కళ్లు చికిలించి చూస్తున్నా, టీవీకి దగ్గరగా జరుగుతున్నా, తరచూ తలనొప్పి అంటున్నా ట్యాబ్ షాపుకు పోవడం వాయిదా వేయండి. ముందు కంటి పరీక్ష చేయించండి. చూపులో లోపం ఉంటే ఎంత పెద్ద తెర కొన్నా వాడు దాని దగ్గరికే జరుగుతాడు. వాడికి కావాల్సింది పెద్ద తెర కాదు, సరైన కళ్లద్దాలు.