డెబియన్ సమాజము: పదము, పాలనము

వేతనము లేక, ఆజ్ఞాపించు అధికారి లేక, వేర్వేరు దేశములందుండి ఒకే కృతిని నిర్మించు వందలకొలది జనులు తమ్ము తామెట్లు పాలించుకొందురు? స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును గూర్చిన ఈ ప్రశ్న కంప్యూటరు శాస్త్రజ్ఞులకే కాక భాషా సాహిత్య విద్యార్థులకును సంబంధించినదని మా అభిప్రాయము. ఏలయన ఆ పాలన యంతయు వ్రాతమీదనే నడచును. ఒక్క పదమును తొలగించినంతమాత్రమున ఏమి జరిగినదో చూపుటకు డెబియన్ చరిత్ర తగిన ఉదాహరణము.

డెబియన్ అనునది ఒక ఆపరేటింగ్ సిస్టము. ఇయన్ మర్డాక్ అను విద్యార్థి దీనిని 1993 ఆగస్టులో ప్రకటించెను. అనేకులు వ్రాసిన ప్రోగ్రాములను సేకరించి, పరీక్షించి, ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్చుట ఇందలి పని. అట్లు కూర్చిన కట్టను ప్యాకేజీ యందురు. 1996లో వెలువడిన 1.1 ప్రతిలో 474 ప్యాకేజీలుండెను. రెండేండ్లకు వెలువడిన 2.0లో అవి 1500కు మించినవి. పనివారు 400కు మించిరి. అందరు నందరి నెఱిగియున్న దినములలో నాయకుని మాటయు, పరస్పర విశ్వాసమును చాలియుండెను. నాలుగు వందలమందికి అవి చాలవు. కావుననే 1997 జూలైలో సామాజిక ఒడంబడికయు, 1998 డిసెంబరులో నిబంధనావళియు వ్రాతరూపము దాల్చినవి. మొదటిది వారు లోకమునకిచ్చిన మాట. రెండవది తమలో తామేర్పరచుకొన్న కట్టుబాటు.

నిబంధనావళి ప్రకారము నాయకుడు ఏటేట ఎన్నుకొనబడును. సాంకేతిక వివాదములకు ఒక సంఘమును, ఎన్నికలకు ఒక కార్యదర్శియు కలరు. అన్నిటికిని మీద సభ్యుల సామాన్య తీర్మానము. అయితే మమ్ము మిక్కిలి ఆకర్షించినది వేరొక నిబంధన. ఏ సభ్యుడును ఏ పనిని చేయుటకును బద్ధుడు కాడు. కాని ఈ నియమముల ననుసరించి చేసిన నిర్ణయములకు అడ్డుపడి పనిచేయరాదు. మేము చూచిన సంఘముల నియమావళులలో పెక్కు సభ్యుని విధులతో ప్రారంభమగును; ఇచ్చట విధి లేకుండుటయే పునాది. ఆజ్ఞ లేనిచోట ఒప్పుదలకు బలమెక్కువ. ఒప్పుదల పదములలో నుండును గనుక పదములకును బలమెక్కువ.

పెరుగుదల వేరొక చిక్కును తెచ్చినది. 1999లో క్రొత్తవారిని చేర్చుకొనుట నిలిపివేసి, మరుసటి యేడు పరీక్షాపద్ధతి నొకదాని నేర్పరచి తలుపులు తిరిగి తెఱచిరి. అభ్యర్థి తానెవరో నిరూపించుకొనవలెను. పనిలో నేర్పును, ఒడంబడికను గ్రహించిన తీరును చూపవలెను. అనగా ఒక గ్రంథమును చదివి అర్థము చేసికొనుటయే ప్రవేశార్హతలో నొక భాగమైనది.

ఇక 2004 నాటి సంగతి. ఒడంబడిక మొదటి వాక్యము డెబియన్ నూటికి నూరుపాళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా నుండునని చెప్పుచుండెను. ‘సాఫ్ట్‌వేరు’ అనగా నేమి? మన శాస్త్రకారుల పరిభాషలో చెప్పవలెనన్న, ఇది రూఢికిని యోగమునకును కలిగిన తగవు. రూఢ్యర్థమున ఆ పదము ప్రోగ్రాములను మాత్రమే చెప్పును. యౌగికార్థమున హార్డ్‌వేరు కానిదెల్ల, అనగా యంత్రమున నిలువచేయబడు పుస్తకములు, బొమ్మలు, అక్షరరూపములు సైతము, అందు చేరును. ఏండ్ల తరబడి ఇరుపక్షములవారును ఒకే వాక్యమును తమ తమ అర్థములలో చదువుకొని సుఖముగా పనిచేసికొనుచుండిరి. ఆ అస్పష్టత దోషమనుటకంటె, అంతవరకు సమాజమును కలిపియుంచిన సౌకర్యమనుటయే న్యాయము.

ఆ యేటి ఏప్రిలులో ‘సంపాదకీయ సవరణలు’ అను పేర ఒక తీర్మానము నెగ్గినది. దానివలన ‘సాఫ్ట్‌వేరు’ అను పదము ఆ వాక్యమునుండి తొలగి, డెబియన్ నూటికి నూరుపాళ్లు స్వేచ్ఛగా నుండునని మిగిలినది. వెంటనే ప్రచురణ బాధ్యత వహించిన నిర్వాహకుడు క్రొత్త వాక్యమును ఉన్నదున్నట్లు చదివెను. మార్చరాని భాగములుగల ఉపయోగ గ్రంథములును, మూలమును బయటపెట్టని ఫర్మ్‌వేరును ఇక నుండరాదు. కావున సిద్ధమగుచున్న ‘సార్జ్’ ప్రతి ఆలస్యము కాక తప్పదని అతడు తెలిపెను. పేరు సంపాదకీయము, ఫలము శాసనము! నిర్వాహకుని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. వ్రాతయే పాలించుచోట వ్రాత నున్నదున్నట్లు చదువుట అతని ధర్మము. పేరు పెట్టినవారు మాత్రము కొంత జాగ్రత్త వహింపవలసినది.

వెనుకకు మరలుటయు సులభము కాదు. ఒడంబడికను మార్చుటకు అనుకూలురు ప్రతికూలురకు మూడు రెట్లుండవలెను. పాత పాఠమును పునరుద్ధరించుటకును అదే నియమము. రెండవ తీర్మానమున పలు మార్గములు సభ్యుల యెదుట నుంచబడినవి. పాత పాఠమునకు మరలుట ఒకటి; ఒడంబడికకు క్షమాపణ నొకదానిని చేర్చుట మరియొకటి. ఇట్టి సందర్భములందు డెబియన్ సభ్యులు ఒక్కదానికే ఓటు వేయరు; అన్నిటిని తమకు నచ్చిన వరుసలో పేర్చుదురు. ప్రతి జంటను పోల్చి, తక్కిన ప్రతిదానిని ఓడించిన మార్గమును గెలిచినట్లు నిర్ణయింతురు. పదునెనిమిదవ శతాబ్ది ఫ్రెంచి గణితజ్ఞుడు కాండోర్సే పేర ఈ పద్ధతి ప్రసిద్ధము. ‘ఇంకను చర్చింపవలెను’ అనునది ఆనాడు ఎల్లప్పుడును ఒక మార్గముగా నుండెను. దానిని ఓడింపలేనిది గెలువజాలకుండెను. సార్జ్ వెలువడువరకు సవరణలను వాయిదా వేయుట అను మార్గము నెగ్గినది. సార్జ్ 2005 జూన్‌లో వెలువడినది.

పొసగనివారు విడిపోవుటకు ఈ లోకమున తలుపు తెఱచియే యుండును. మూలమును గైకొని వేఱుప్రతిని నిర్మింపవచ్చును. తాళపత్రములలో పాఠాంతరములు పుట్టినట్లే. 2014లో యంత్రమును ప్రారంభించు ప్రోగ్రామును గూర్చిన వివాదము తరువాత డెవువాన్ అను శాఖ అట్లే పుట్టినది. తాళపత్రమున లేఖకుని ప్రమాదము పాఠాంతరమునకు తరచు కారణము; ఇచ్చట అభిప్రాయభేదము.

ఫర్మ్‌వేరు తగవు 2006లోను, 2008లోను మరల తలయెత్తినది. 2022 తీర్మానమున ఒడంబడిక అయిదవ భాగమునకు ఒక వాక్యము చేర్చి, యంత్రములు పనిచేయుటకు వలయు ఫర్మ్‌వేరును స్థాపనప్రతులలో నుంచుటకు అనుమతించిరి. 2023 జూన్‌లో వెలువడిన 12వ ప్రతి అట్లే వచ్చినది. మొదటి వాక్యమున ‘సాఫ్ట్‌వేరు’ అను పదము మాత్రము తిరిగి చేరలేదు.